పన్నెండో పూస

ముంజేతికి సూది గుచ్చినప్పుడు పెద్ద నొప్పేమీ పుట్టలేదు, తుమ్మముల్లు ఇంతకన్నా గట్టిగా గుచ్చుకుంటుంది అనుకున్నాడు నాగులు, కానీ ఆ తర్వాత చెయ్యి లోపల ఏదో చల్లగా, బావిలోంచి అప్పుడే తోడిన నీళ్ళలాగా, మోచేతి వైపు నడిచి వెళ్తున్నట్టు తెలిసింది. నర్సు యేసుమణి సీసాను ఇనప కొక్కేనికి తగిలించి, గొట్టంలో చుక్కలు పడే చోట చూపుడువేలితో రెండుసార్లు తట్టి, అరగంట పైనే పడుతుంది, చెయ్యి కదపకుండా పడుకోమని చెప్పి పక్క గదిలోకి వెళ్ళింది. మార్కాపురంలో ఆ చిన్న ఆసుపత్రి మేడ మీది గదికి ఒక్కటే కిటికీ. అందులోంచి పదకొండు గంటల ఎండ వచ్చి మంచం కాళ్ళ దగ్గర ఆగింది. ఆ ఎండలో స్టూలు వేసుకుని భార్య పాపమ్మ కూర్చుని అతని పంచె అంచుకు అంటుకున్న పల్లేరుకాయలు ఒక్కొక్కటే ఏరుతోంది. సీసా మీద ఏం రాసి ఉందో అతను చదవలేడు. ఏడాదికి ఒక్కసారి ఎక్కిస్తే చాలు, ఏడాది పొడుగునా ఎముకలో ఉండిపోయి పని చేస్తుందని డాక్టరు చెప్పాడు. ఏడాది! ఒక చుక్క, దాని వెనక ఇంకో చుక్క, తొందరేమీ లేకుండా దిగుతున్నాయి. మణికట్టు దగ్గర లోపలికి పోయిన చుక్కకు వెన్నులో ఉన్న ఎముక దారి ఎవరు చెబుతారు? గొర్రెను కొత్త బీట్లో వదిలినా పొద్దుగూకేసరికి దొడ్డి దారి పడుతుంది, దానికి ముక్కుంది, కళ్ళున్నాయి. ఈ చుక్కకు ఏముంది?

ఎముకలు తనకు తెలియనివి కావు. దోర్నాల దాటి అడవి అంచున నలభై అయిదేళ్ళు మంద తిప్పిన మనిషికి ఎముకలు కనపడని రోజు ఉండదు. చిరుత తిని వదిలిన పొట్టేలు పక్కటెముకలు, వాగు ఇసుకలో తేలిన ఆవు దవడ, ఎండకు తెల్లబడి, వానకు కడిగినట్టయి, కర్రతో కొడితే ఠంగుమనేవి. అందుకే అతని లెక్కలో ఎముక అంటే ఒంట్లో బతకనిది. రక్తం బతుకుతుంది, చర్మం బతుకుతుంది, ఎముక మాత్రం గుడిసెకు నిట్రాడలాగా లోపల ఊరికే నిలబడి ఉంటుంది, మనిషి పోయాక మిగిలేది అదే కాబట్టి మనిషి ఉన్నప్పుడూ అది అట్లాగే ఉంటుంది అనుకున్నాడు. ఆ మాట చెబితే డాక్టరు నవ్వాడు. కాదు పెద్దాయనా, ఎముక బతికే ఉంటుంది, నువ్వు నిద్రపోయినా అది నిద్రపోదు అన్నాడు. ఎముకలో పాతబడిన చోటల్లా తవ్విపోసేవి కొన్ని, తవ్విన చోటల్లా కొత్తది నింపేవి కొన్ని, కంటికి కనపడనంత చిన్నవి, పుట్టినప్పటి నుంచి ఆ పని మీదే ఉంటాయట. పదేళ్ళు తిరిగేసరికి ఎముకలన్నీ దాదాపు కొత్తవే అవుతాయట. ఆ మాట విన్న రాత్రి అన్నం ముందు కూర్చుని నాగులు తన మోకాలి చిప్పను చేత్తో పట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు. అంటే పెళ్ళి పీటల మీద కూర్చున్న మోకాళ్ళు ఇవి కావు. కొడుకు నరేష్ పుట్టినప్పుడు వాణ్ణి ఎత్తుకున్న చేతులు ఇవి కావు. ఎవరికీ చెప్పకుండా, చప్పుడు లేకుండా, ఒళ్ళంతా ఆరుసార్లు కూల్చి ఆరుసార్లు కట్టారు. ఇప్పుడు తవ్వేవాళ్ళ చెయ్యి పైనైంది, నింపేవాళ్ళు వెనకబడ్డారు, అంతే నీ జబ్బు అన్నాడు డాక్టరు. ఈ మందు తవ్వేవాళ్ళను కొంచెం నిలబెడుతుంది.

దర్వాజా సంగతి ముందే గమనించి ఉండాల్సింది. ఇంటి దర్వాజా పొట్టిది, నాయన కట్టించింది. నాయన కూడా పొడుగే, కానీ ఆ రోజు దొరికిన చెక్క అంతే. ఆ దర్వాజా కింద తల వంచకుండా నాగులు ఏనాడూ లోపలికి పోలేదు, వంచడం మరిచిన రోజుల్లో నుదురు బొప్పి కట్టేది, పాపమ్మ పసుపు రాసేది. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం చేతిలో చెంబుతో ఏదో ఆలోచిస్తూ లోపలికి వచ్చేశాడు, వచ్చాక నిలబడిపోయాడు. తల వంచలేదు. తగల్లేదు. మళ్ళీ బయటికి పోయి మళ్ళీ వచ్చాడు. నడిల్లు అణిగిందేమో, మట్టి నేల కదా అనుకున్నాడు, గడప దగ్గర పారతో గీకి కూడా చూశాడు. ఇరవై ఏళ్ళ వయసులో మార్కాపురంలో మిలిటరీ వాళ్ళు మనుషుల్ని ఎంచుకోవడానికి వచ్చినప్పుడు గోడకు నిలబెట్టి కొలిచి అయిదడుగుల పదకొండంగుళాలు అని గట్టిగా అరిచారు, వరుసలో ఉన్న వాళ్ళంతా తిరిగి చూశారు. చదువు లేదని పంపించేశారు గానీ ఆ అరుపు అతను బతుకంతా దాచుకున్నాడు. మొన్న ఈ ఆసుపత్రిలో కొలిస్తే అయిదడుగుల ఎనిమిదిన్నర వచ్చింది. రెండున్నర అంగుళాల మనిషి ఎటు పోయాడు? నేల అణగలేదు. అణిగింది తాను.

అణిగిన రోజుల్లో ఒక రోజు మాత్రం అతనికి తెలుసు. పోయిన వేసవిలో, వాగు గట్టున కంపలో ఇరుక్కున్న గొర్రెను వంగి రెండు చేతులా ఎత్తాడు. పెద్ద బరువేమీ కాదు, అంతకు రెట్టింపు పొట్టేళ్ళను భుజాన వేసుకుని ఆటోల్లోకి ఎక్కించినవాడు. ఎత్తగానే వీపు నడిమధ్యలో ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు. చెవికి వినిపించిందో లోపలే తెలిసిందో ఇప్పటికీ చెప్పలేడు. ఊపిరి అందలేదు. గొర్రెను వదిలేసి అక్కడే మోకాళ్ళ మీద కూలబడితే, నీళ్ళ క్యాను పట్టుకుని వెనక వస్తున్న పాపమ్మ క్యాను కింద పెట్టి, ముందు కంపలోకి దిగి గొర్రెను ఎత్తి గట్టు మీద వేసి, తర్వాత అతన్ని లేపింది. ఆ వరుస అతనికి బాగా గుర్తు. ముందు గొర్రె, తర్వాత తాను. సిగ్గుతో నడుము పట్టిందని చెప్పాడు. నూనె రాయించుకున్నాడు, బెల్టు కట్టుకున్నాడు, రెండు నెలలు పక్కకు తిరిగి పడుకోలేకపోయాడు, తగ్గిందని అందరితో అబద్ధం చెప్పాడు. మగవాడికి నడుము పడుతుంది, మళ్ళీ వదులుతుంది. దానికి ఆసుపత్రి ఏమిటి?

ఆసుపత్రి దాకా రావడానికి కారణం అతని నడుము కూడా కాదు. దోర్నాలలో ఎముకల క్యాంపు పెడుతున్నారు, యాభై దాటిన ఆడవాళ్ళను తీసుకురమ్మన్నారని ఆశా కార్యకర్త రమణమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. పాపమ్మను బండి మీద దించి, షామియానా కింద కుర్చీలో కూర్చుని బీడీ ముట్టించబోతే మిషను దగ్గరి అబ్బాయి వద్దన్నాడు. శ్రీశైలం బస్సులు పోతూ ఉంటే లెక్కపెడుతూ కూర్చున్నాడు. చుట్టూ ఆడవాళ్ళే. మడమను ఒక పెట్టెలో పెట్టించుకోవడం, కాగితం తీసుకోవడం. పాపమ్మ కాగితం మీద ఆకుపచ్చ గీత వచ్చింది, మీ ఎముకలు బాగున్నాయమ్మా అన్నారు. వరుస అయిపోయింది, మిషను ఖాళీగా ఉంది, ఆ అబ్బాయి నవ్వుతూ నువ్వూ పెట్టు పెద్దాయనా అన్నాడు. ఆడవాళ్ళంతా నవ్వారు. నాగులు కూడా నవ్వుతూనే చెప్పు విడిచి మడమ పెట్టాడు. అబ్బాయి నవ్వడం ఆపాడు. రెండో కాలు పెట్టించాడు. మళ్ళీ మొదటి కాలు. కాగితం మీద ఎర్ర గీత. మిషను చెడిపోయినట్టుందని నాగులు అన్నాడు, కావాలంటే మా ఆడమనిషికి మళ్ళీ పెట్టి చూడమన్నాడు. పెట్టి చూశారు. మళ్ళీ ఆకుపచ్చే వచ్చింది. ఇది ఆడవాళ్ళ జబ్బని అందరూ అనుకుంటారు పెద్దాయనా, మగవాళ్ళకు రానే రాదనుకుని చూపించుకోరు, విరిగాకే వస్తారు, అన్నాడు అబ్బాయి. బండి మీద తిరిగి వచ్చేటప్పుడు వెనక కూర్చున్న పాపమ్మ అతని నడుము చుట్టూ చెయ్యి వేయలేదు, వేస్తే ఏమవుతుందోనని సీటు కింది కడ్డీ పట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత ఈ డాక్టరు, ఎక్స్‌రే. దీపం వెలిగే డబ్బాకు ఫిల్ము తగిలించగానే నాగులుకు బడి పలక గుర్తొచ్చింది. పలకలకు పేరుపడ్డ ఈ ఊరి నల్ల పలక మీద ఎవరో సుద్దతో ఒక వెన్ను గీశారు. డాక్టరు పెన్నుతో పై నుంచి ఒక్కో పూసను తాకుతూ లెక్కపెట్టాడు, ఒకటి, రెండు, మూడు. మిగతావన్నీ నాగులు కంటికి చిన్న పెట్టెల్లా చదరంగానే ఉన్నాయి. పన్నెండో దగ్గర పెన్ను ఆగింది. అది ముందు వైపు నలిగి, పచ్చి ఇటుక మీద కాలు పడ్డట్టు ఏటవాలుగా ఉంది. ఇది ఎప్పుడు విరిగిందో నీకు తెలుసా అని అడిగాడు. నాగులు చెయ్యి వీపు నడిమధ్యకు పోయింది. పైన ఇంకో రెండు కూడా నలగడం మొదలుపెట్టాయన్నాడు. తర్వాత ఒంగోలు పంపించారు, అక్కడ బల్ల మీద పడుకోబెట్టి ఒక ఇనప చెయ్యిని ఒంటి మీదుగా మెల్లగా నడిపించారు, ఎక్కడా తాకలేదు. మైనస్ మూడున్నర అన్నారు. లెక్క తక్కువైనా సరే, సున్నా కన్నా కిందికి కూడా ఎముక ఉంటుందా అని అతనికి వింత. కానీ అంతకన్నా వింత, పక్కకు తల తిప్పితే కనిపించిన కంప్యూటరు. అందులో ఒక మనిషి పడుకుని ఉన్నాడు. తుంటి, తొడ, వెన్ను, పక్కటెముకల పందిరి, అన్నీ వెలుగుతో చేసినట్టు. ఆ మనిషి ఇన్నేళ్ళు తనను మోశాడు. కృష్ణా కాలవల కిందికి మందతో వలస పోయిన ప్రతి ఏడూ, వందల మైళ్ళు, ఈ మనిషే నడిచాడు. ఆయాసమొస్తే తాను మూలిగాడు, వీడు మూలగలేదు. విరిగాక కూడా నిలబడే ఉన్నాడు. నాగులుకు ఎందుకో చేతులు జోడించాలనిపించింది, బల్ల మీద కదలొద్దన్నారని ఊరుకున్నాడు.

నాయన కూడా ఇలాగే లోపల ఒకణ్ణి మోసి ఉంటాడు. వయసులో నాయన కంచెకు అవతల ఏముందో ఎగరకుండా చూసి చెప్పేవాడు. అరవై దాటాక వీపు వంగడం మొదలైంది, చివరికి నేల మీద పడ్డ సూది వెతుక్కునేవాడిలా నడిచేవాడు, పిల్లలు వెనక నుంచి గూనితాత అనేవాళ్ళు. అందరూ ముసలితనమన్నారు, నాగులూ అదే అన్నాడు. ఒక ఉదయం నులకమంచం మీద నుంచి లేవబోయి పక్కకు జారాడు. మోకాలెత్తు కూడా లేని మంచం. కింద పడ్డ చప్పుడు కూడా పెద్దగా కాలేదు. తుంటి విరిగింది. నాలుగు నెలలు మంచంలో ఉండి, వీపంతా పుళ్ళు పడి, ఊపిరితిత్తుల్లో చీము పట్టి పోయాడు. నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా నొప్పి అనలేదు, మంద ఎటు పోయింది అని మాత్రం అడిగేవాడు. మీ ఇంట్లో ఎవరికైనా తుంటి విరిగిందా అని డాక్టరు అడిగినప్పుడు నాగులు ఈ సంగతి మామూలుగానే మొదలుపెట్టాడు, మంచం ఎత్తు చేత్తో చూపించి అక్కడే ఆగాడు. తుంటి విరిగితే మగవాళ్ళే ఎక్కువ పోతారు పెద్దాయనా, ఆడవాళ్ళు తట్టుకున్నంతగా తట్టుకోరు, అన్నాడు డాక్టరు, మెల్లగానే అన్నాడు. అంటే నాయనది వట్టి ముసలితనం కాదు. ఒక జబ్బు. పేరున్న జబ్బు. పదహారేళ్ళ తర్వాత, తన కాగితం చూసి, నాయన ఎందుకు వంగాడో కొడుక్కి తెలిసింది. బాధ కలిగిందో, ఎప్పుడో తప్పిపోయిన మనిషి దారిలో ఎదురైనట్టు సంతోషం కలిగిందో, ఆ రోజు తేల్చుకోలేకపోయాడు. ఈ రోజు కూడా అంతే. చుక్క పడుతోంది.

నువ్వు ఏం మాత్రలు వేసుకుంటావని అడిగినప్పుడు జేబులోంచి తీసి చూపించాడు. మంచు పడితే ఆయాసం, దగ్గు, దానికి ఊళ్ళో సూదులేసే ఆయన ఇచ్చే చిన్న తెల్లమాత్ర. వేసుకుంటే గంటలో ఊపిరి ఆడుతుంది. ఎనిమిదేళ్ళుగా వేసుకుంటున్నాడు, ఒక్కో ఏడు చలికాలం పొడుగునా. డాక్టరు ఆ అట్టను చేతిలో తిప్పి తిప్పి చూశాడు. ఇది స్టెరాయిడు, ఊపిరినిచ్చి ఎముకను తీసుకుంది, బీడీ మిగతాది తీసుకుంది అన్నాడు. ఒక్కసారిగా మానొద్దు, ప్రాణానికే ముప్పు, నేను చెప్పినట్టు తగ్గించుకుంటూ రా అని చెప్పి, నోట్లోకి పీల్చుకునే మందు రాశాడు. బీడీలు ఆ పూటే కట్ట కట్టగా ఆసుపత్రి మెట్ల పక్క చెత్తబుట్టలో వేశాడు నాగులు. రాగిసంకటిలోకి మజ్జిగ, అమ్మకుండా ఉంచుకున్న పాలు, బిళ్ళలు, అన్నీ ఒప్పుకున్నాడు. ఈ సీసా ఒక్కటే ఒప్పుకోలేదు. పన్ను చూపించుకోవాలి, రక్తం చూపించుకోవాలి, మొదటిసారి జ్వరం వస్తుంది, ఇంత అవసరమా, నడుస్తూనే ఉన్నాను కదా అన్నాడు. నెల రోజులు వాయిదా వేశాడు. చివరికి నిన్న పొద్దున పాపమ్మ దొడ్డి ఊడుస్తూ ఊడుస్తూ చీపురు ఆపి చెప్పింది, గొంతు ఎత్తలేదు, అతని వైపు చూడలేదు.

“మీ నాయన్ని నాలుగు నెలలు నేనే తిప్పి పండబెట్టినా. నువ్వు మంద కాడికి పోయినావు, నేను తిప్పినా. నిన్ను అట్ల తిప్పాలంటే నా చేత కాదయ్యా.”

నాగులు లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని నరేష్‌ను బస్సు టైము అడిగాడు. నాయనను ఎవరు తిప్పారో తనకు తెలియక కాదు, ఆ మాట ఇన్నేళ్ళు ఆమె నోట్లోంచి రాలేదు, అంతే. ఇప్పుడు ఆమె పల్లేరుకాయలు ఏరడం అయిపోయి, వాటిని కాగితంలో పొట్లం కట్టి, ఎక్కడ వేయాలో తెలియక చేతిలోనే పట్టుకుని ఉంది. ఆ చెయ్యి వైపు చూశాడు. మణికట్టు సన్నంగా, గాజుల కింద ఎముక గుండ్రంగా తేలి ఉంది. ఈ సన్నటి ఎముక కంపలోంచి గొర్రెను ఎత్తింది, నాయనను తిప్పింది, నరేష్‌ను కన్నప్పుడు మంచం కోడు పట్టుకుని తెల్లవార్లూ వదల్లేదు. ఇంత పని చేసి ఆకుపచ్చ గీత తెచ్చుకుంది. ఆమెను ఇన్నేళ్ళు బలహీనురాలని ఎవరన్నారు? తానే అన్నాడు, మూట మోయనీయకుండా లాక్కుని, నీ చేత కాదులే అని.

పాపమ్మ రొండిలో ఫోను మోగింది. ఆమె చూసి, కోడలు గోపిక, బొమ్మ కనపడే ఫోను చేసింది అని అతని ముఖం దగ్గర పెట్టింది. గోపిక కనిపించలేదు, దొడ్డి కనిపించింది, మట్టి కనిపించింది, ఊగుతూ ఊగుతూ నరేష్ ముఖం కనిపించింది. చేతులకు తడి, ముఖం మీద చెమట. చెవినల్ల గొర్రె ఈనిందనీ, పిల్ల అడ్డం తిరిగితే తాను చెయ్యి పెట్టి సరిచేశాననీ గబగబా చెప్పాడు, చెబుతూ చెబుతూ దగ్గాడు. ఆ దగ్గు నాగులు చెవిని పట్టుకుంది. అది తన దగ్గే, ముప్పై ఏళ్ళు చిన్నది.

“నరేషూ, నువ్వు గూడా ఆ తెల్లమాత్ర వేసుకుంటాండావా?”

నరేష్ ముఖం మీది చెమట మోచేత్తో తుడుచుకున్నాడు. “మంచు పడినప్పుడు, అప్పుడప్పుడు నాయనా. నీ అట్టలోయే తీసుకున్నా.”

“ఎన్నేండ్ల నుంచి?”

“రెండేండ్లు.”

“రేపు బస్సుకు నువ్వు రా. నేను గూడా వస్తా. డాక్టరుకు చూపించుకుందాం. మీ తాత గూనితో పోయినాడు, నాకు ఈడ సూది గుచ్చినారు, నీ కాడికి రానియ్యను.” ఒక్క ఊపిరిలో అంత మాట కొడుకుతో ఎప్పుడూ మాట్లాడలేదు. నరేష్ సరే నాయనా అన్నాడు, తల తిప్పుకున్నాడు, ఫోను మళ్ళీ మట్టి వైపు తిరిగింది.

మట్టిలో పిల్ల పడి ఉంది. తల్లి నాకుతోంది. తడి ఒంటికి గడ్డిపరకలు అంటుకుని, నాలుగు కాళ్ళు నాలుగు వైపులా, ఎవరో పుల్లలు పారేసి పోయినట్టు. కొన్ని వేల పిల్లలను చూశాడు నాగులు, చేతుల్లోకి లాగాడు, ముక్కులోంచి జిగురు తుడిచి ఊపిరి ఊదాడు, ఒక్కసారి కూడా ఇప్పుడు చూస్తున్నది చూడలేదు. అయిదు నెలలు. అయిదు నెలల కింద ఈ కాళ్ళు ఎక్కడా లేవు. ఎండుగడ్డి, నాలుగు తుమ్మకాయలు, వాగులో నీళ్ళు, వాటిలోంచి ఆ గొర్రె, ఏమీ చదవకుండా, ఎవరినీ అడక్కుండా, చీకటి కడుపులో పూసకు పూస పేర్చింది, ఎక్కడ పన్నెండోది రావాలో అక్కడ పన్నెండోది పెట్టింది. పిల్ల ముందుకాళ్ళు మడిచి వెనకభాగం పైకెత్తింది. ఊగింది. పడింది. గోపిక అయ్యో అన్నది ఎక్కడో వెనక. యేసుమణి లోపలికి వచ్చింది, సీసా చూసింది, గొట్టం మీది చక్రాన్ని బొటనవేలితో మూసి, అయిపోయింది పెదనాయనా, సూది తీసేస్తా, చెయ్యి ఇట్ల పెట్టు అంది.

“ఒక్క నిమిషం ఉండమ్మా,” అన్నాడు నాగులు. “నిలబడతాంది.”

ఆమె దూదిని వేళ్ళ మధ్య పట్టుకుని ఫోను వైపు వంగింది. పాపమ్మ తల ఇటు నుంచి వంగింది. పిల్ల వెనకకాళ్ళ మీద లేచి, ముందుకాళ్ళు మోకాళ్ళ దగ్గర వణుకుతూ ఉంటే, తల బరువుకు ముందుకు తూలి, ముట్టె మట్టికి తగిలి, ఎవరూ పట్టుకోకుండానే మళ్ళీ పైకి లేచింది. ఒక కాలు చాపి నేలను ఒత్తింది. నేల ఆగింది. రెండో కాలు చాపింది. గదిలో ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. పిల్ల నాలుగు కాళ్ళ మీద, వెడల్పుగా, వణుకుతూ, నిలబడింది.